బాగా పెరిగిన ముక్క

లోకంలో బూజును దులిపేవాళ్లే తప్ప పెంచేవాళ్లుండరని మనం అనుకుంటాం. ఆ పరిశోధనశాల రెండో అంతస్తులో, చివరి గదిలో, ఇరవై ఆరేళ్లుగా ఒకాయన ఒక బూజును పెంచుతూ వచ్చాడు. అందుకే చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బూజు బాబాయి అనేవారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, కొత్తగా చేరినవాళ్లకు ఆ పేరుతోనే తన్ను తాను పరిచయం చేసుకొనేవాడు. నొచ్చుకున్నది ఆయన భార్య. ఇంట్లో మూలల బూజు దులపమంటే నడుంనొప్పి అంటాడనీ, అక్కడి బూజుకు మాత్రం వేళకు తిండిపెట్టి జోలపాడి వస్తాడనీ ఆవిడ ఇరుగుపొరుగు వాళ్లతో చెప్పుకొనేది. కోపం మరీ ముదిరిన రోజున దాన్ని సవతి అనేది.

ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. బూజును పదిహేను రోజులకొకసారి కొత్త గాజుగొట్టంలోకి మార్చాలి. మార్చకపోతే ఉన్న తిండి కాస్తా తినేసి ఎండిపోతుంది. ఆదివారమైనా, ఒళ్లు కాలిపోయే జ్వరమైనా, పదిహేనో రోజున ఆయన ఆ గదిలో ఉండవలసిందే. భార్య అక్కగారు మంచానపడి రెండు నెలలు లేవలేనప్పుడు ఆవిడ ఒక్కతే ఉండి చాకిరీ చేసింది. ఆయన మూడు రోజులుండి, గడువు దగ్గర పడిందని రైలెక్కాడు. ఆ సంగతి ఆవిడ మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటించనూ లేదు.

ఇంతకూ ఆ బూజు చేసే పనేమిటో చెప్పాలి. మొక్క కాండంలో నారపోగులను అంటిపెట్టుకొని ఒక జిగురు ఉంటుంది. నార అన్నాను, పీచు అనలేదు. కాయకు ఉండేది పీచు, కాండం నుంచి వచ్చేది నార; రెండు వస్తువులకు రెండు మాటలు చేసిపెట్టిన పెద్దల శ్రమను ఒక్క మాటతో వృథా చేయడం మర్యాద కాదు. జిగురు వదిలితే తప్ప నార చేతికి రాదు. అందుకోసం కొందరు కాండాలను నిలవనీటిలో వారాల తరబడి కుళ్లబెడతారు; కొందరు ఘాటైన క్షారంలో ఉడకబెట్టి చేతులు పొక్కించుకుంటారు. ఈ బూజైతే తన ఆకలికోసం ఆ జిగురును కరిగించే ఎంజైమును తానే ఊరుస్తుంది. గోధుమ తవుడు మీద దాన్ని పెంచి, నీళ్లతో కడిగి వడగట్టి, ఆ నీళ్లలో కాండాలు వేస్తే ఒకటిన్నర రోజుకల్లా నార దువ్విన జుట్టులా విడివడి వచ్చేది. ఆ నారను, పిండిపదార్థంతో చేసిన ప్లాస్టిక్కుతో కలిపి ఒత్తితే గట్టి పలకలు తయారయ్యేవి. పని తీరాక మట్టిలో పాతితే మట్టయ్యేవి.

దాన్ని కనిపెట్టింది పెద్ద మేడమ్. తాళ్లు పేనే షెడ్డు వెనక మురుగుగుంటలో కుళ్లిన కాడల మీద చూసి, రుమాల్లో చుట్టి తెచ్చిందట. ఏడేళ్లు దానితో పనిచేసింది. బూజును మార్చిన ప్రతిసారీ నాలుగు కాడలు నానబెట్టించి నార వస్తుందో లేదో చూసేది. ఆ తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. ఆస్పత్రికి వెళ్లేముందు గదిలోకి వచ్చి, గొట్టాల అర వైపు చూసి, "దీన్ని చావనివ్వకు నాయనా" అన్నది. మళ్లీ రాలేదు. ఆవిడతోపాటు ఆ ప్రాజెక్టూ పోయింది. కాడలు కొనేవారు లేరు, నానబెట్టమనేవారూ లేరు. ఆయన మాత్రం ఇచ్చిన మాట తప్పకుండా పంతొమ్మిదేళ్లు దాన్ని చావనివ్వలేదు.

ఆయన పదవీవిరమణకు నాలుగు నెలలుందనగా కొత్త మేడమ్ వచ్చింది. వయసులో ఆయన కూతురంత ఉంటుంది. పాత కాగితాల్లో ఈ బూజు కథ చదివి, అది ఇంకా బతికే ఉందని తెలిసి, మెట్లు రెండేసి ఎక్కుతూ ఆ గదికి వచ్చింది. అది పాతరోజుల్లోలా పనిచేస్తే నార పలకల పని మళ్లీ మొదలుపెట్టిస్తామని పైవాళ్లు మాటిచ్చారట. చెయ్యకపోతే గది ఖాళీ చేసి వేరే విభాగానికి ఇచ్చేస్తారు. ఆ రోజు బాబాయి ఇంటికి వెళ్లి, నీ సవతి పేరు పేపర్లో పడబోతోందని భార్యకు చెప్పాడు. ఆవిడ విననట్టుగా చింపిరి దుప్పటికి అతుకు వేస్తూ కూర్చున్నది గానీ, మర్నాడు ఆయనకు ఉతికిన చొక్కా తీసిపెట్టింది.

తవుడు మీద బూజు మహా ఏపుగా పెరిగింది. కాడలు నానాయి. ఒకటిన్నర రోజైంది, రెండు రోజులైంది, నాలుగో రోజు కూడా వంచితే పుటుక్కున విరిగాయే తప్ప ఒక్క పోగు ఊడలేదు. నీటిలో దోషమన్నారు, నీరు మార్చారు. తవుడు పాతదన్నారు, కొత్తది తెప్పించారు. సూక్ష్మదర్శిని కింద చూస్తే బూజు ఆ బూజే, మరోటి చొరబడలేదు. చివరికి కొత్త మేడమ్, ఎప్పటినుంచి తేడా వచ్చిందో చూద్దామని, ఆయన నోటుపుస్తకాలన్నీ ఇమ్మన్నది.

పుస్తకాలు ఇరవై ఆరు, ఏడాదికొకటి. అప్పట్లో కెమెరా లేదు గనుక, మార్చిన ప్రతిసారీ బూజు ఎలా ఉందో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేయమని పెద్ద మేడమ్ నేర్పింది. ఆయన ఒక్కసారీ మానలేదు. ఇచ్చేముందు దుమ్ము తుడిచి, వరసగా పేర్చి, ఊరికే పేజీలు తిప్పాడు. మొదటి పుస్తకంలో బూజు బూడిదరంగులో, ముడతలు ముడతలుగా, కాలిన అట్టు అంచులా ఉంది. అయిదో దానిలో ఒక పక్కన తెల్లటి మచ్చ. పదో దానిలో తెలుపు సగానికి వచ్చింది. పదిహేనోది దాటాక తెల్లకాగితం మీద ఒక గుండ్రటి గీత, లోపల ఏమీ లేదు. తెలుపును వేయడానికి పెన్సిలెందుకు? ప్రతి బొమ్మలోనూ తాను కోసి తీసుకున్న ముక్క దగ్గర చిన్న గుణకారపు గుర్తు పెట్టుకున్నాడు. తెలుపు కనిపించిన నాటినుంచీ గుర్తు ఎప్పుడూ దాని మీదే ఉంది.

ఆయన భోజనం డబ్బా ఆ మధ్యాహ్నం మూత తియ్యలేదు.

కావాలంటే పాత పుస్తకాలు చెదలు తిన్నాయని చెప్పి, చివరి నాలుగూ ఇచ్చి ఊరుకోవచ్చు. ఎవరడుగుతారు? కొంతసేపు ఆ ఆలోచనా చేశాడు, చేయలేదంటే అబద్ధమవుతుంది. తర్వాత ఇరవై ఆరూ రెండు విడతలుగా మోసుకెళ్లి ఆమె బల్లమీద పెట్టాడు. మొదటిదీ, పదోదీ, చివరిదీ తెరిచి పక్కపక్కన పరిచాడు. ఆమె చాలాసేపు చూసింది.

"బాబాయిగారూ, మీరు కోసేటప్పుడు ఏ ముక్క చూసి కోసేవారు?"

"బాగా పెరిగిన ముక్కేనమ్మా."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. ముడతలు పడ్డదాన్ని ఎవరు తీసుకుంటారు? తెల్లగా, బొద్దుగా ఉన్నది చూసి, ఇదైతే గట్టిగా బతుకుతుంది అనుకున్నాను."

ఆమె గొంతు తగ్గించి విడమరిచి చెప్పింది. ముడతల బూజు తన బలమంతా ఎంజైము తయారుచేయడానికి ఖర్చుపెడుతుంది, అందుకే అలా బక్కచిక్కి ఉంటుంది. తెల్లది ఆ పని మానేసి తిండంతా ఒంటికి పట్టించుకుంటుంది. గొట్టంలో తిండి సిద్ధంగా ఉన్నప్పుడు దానికి కష్టపడవలసిన అవసరమేముంది? ప్రతిసారీ ఆ సోమరినే ఏరి ముందుకు పంపుతూ పోతే చివరికి అదే మిగులుతుంది. మధ్యమధ్య కాడలు నానబెట్టి చూసేవాళ్లుంటే తెలిసేదని, తప్పు ఆయనది కాదని, ఆయనకెవరూ చెప్పలేదని అన్నది.

"చెప్పకపోతే కళ్లు లేవా అమ్మా?" అన్నాడాయన. "బొమ్మ వేసింది నేనేగా."

తర్వాత ఇద్దరూ ప్రయత్నం మానలేదు. గొట్టంలోని బూజును నీటిలో కలిపి, పలచగా చేసి, గాజుపళ్లేల మీద చల్లారు. నాలుగు వందలకు పైగా చుక్కలు మొలిచాయి. వాటిలో పాతదాని పోలిక ఒక్కదానికైనా మిగిలిందేమోనని ఆయన భూతద్దం పెట్టుకొని వారం రోజులు ఒక్కొక్కటే వెతికాడు. కాస్త మసకగా ఉన్నవి తొమ్మిది దొరికాయి. తొమ్మిదింటినీ తవుడు మీద పెంచి, కాడలు నానబెట్టారు. తొమ్మిది పాత్రల్లోనూ కాడలు కట్టెల్లాగే ఉండిపోయాయి. పాత గొట్టాలు లేవు. కొత్తది మొలవగానే పాతది కడిగి వాడుకోవడం ఆయన పొదుపు. తాళ్ల షెడ్డు వెనక గుంటకు కూడా వెళ్లి చూశారు. అక్కడ సిమెంటు పరిచి బళ్లు నిలుపుతున్నారు.

ఆ సాయంత్రం ఆయన భార్యకు సంగతంతా చెప్పాడు. ఆవిడ ఎత్తిపొడుస్తుందని ఎదురుచూశాడు. ఎత్తిపొడిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ తన అక్క ఊసు ఎత్తలేదు, సవతి అనలేదు. లేచి వెళ్లి ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా అక్కడే నిలబడింది. ఆ గ్లాసు ఆయన చేతిలో చాలా బరువైంది.

గది ఖాళీ చేయాలన్న ఉత్తరువు నెలాఖరుకు వచ్చింది. పనికిరాని బూజునైనా ఊరికే పారెయ్యకూడదు, ఆవిరిపెట్టెలో పెట్టి చంపి పారెయ్యాలి. అది అక్కడి నియమం. ఆ పని ఇంకొకరికి చెబుతానన్నది కొత్త మేడమ్. ఆయన వద్దన్నాడు. గొట్టాలు పన్నెండు. తీగబుట్టలో నిలబెట్టి, మూత బిగించి, ఒత్తిడి చూపే ముల్లు గీత దాకా వచ్చాక గడియారం చూసుకొని, ఇరవై నిమిషాలు బల్లమీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ గదిలో ఆయన చేతులు ఖాళీగా ఉండటం ఎవరూ చూసి ఉండరు. కొత్త మేడమ్ వచ్చి కాసేపు పక్కన కూర్చున్నది.

ఆవిరి పోయాక మూత తీశాడు. దూదిలా ఉన్నదంతా పసుపుపచ్చని ముద్దలా అడుగుకు జారి ఉంది. దాన్ని తొట్టిలో వంపి, కుళాయి తిప్పి, బ్రష్షుతో ఒక్కొక్క గొట్టమే తోమడం మొదలుపెట్టాడు. వదిలెయ్యండి బాబాయిగారూ, రేపు కడుగుతారు ఎవరో, అన్నది ఆమె.

"ఎండితే గాజుకి పట్టేస్తుందమ్మా, మళ్లీ వదలదు" అంటూ ఆయన రెండో గొట్టం అందుకున్నాడు.