నిండిపోయిన రోడ్డు

మా చినమామయ్య అంకమ్మరావుగారికి మనుషులున్న రోడ్డంటే గిట్టేది కాదు. సైకిలెక్కి బయల్దేరాక ఎదురుగా ఒక్క ఎడ్లబండి కనబడితే చాలు, హ్యాండిలు పక్కకి తిప్పేసి ఏ కాలవగట్టు మీదికో, ఏ తుమ్మడవిలోకో దిగిపోయేవారు. ఏమండీ అలా వెళ్తున్నారని అడిగితే ఒకటే మాట: "రోడ్డు నిండిపోయింది."

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు తిని నడిచేవి, అదీ వాటికి మనసైనప్పుడు. కొల్లేటి వైపు రోడ్ల మీద గేదెలు తప్ప తిరిగే ప్రాణి ఉండేది కాదు. అలాంటి రోడ్లు ఆయన కంటికి నిండిపోయేవి.

నేను చెబుతున్నది ఆషామాషీ మనిషి మాట కాదు. మా ఊరి బడిలో ఐదో తరగతి అందరికన్నా పైన ప్యాసయినవాణ్ణి. గవర్నర్‌పేటలో బట్టల కొట్టు పెట్టి, దానికి అద్దాల బీరువాలు చేయించినవాణ్ణి. వీటన్నిటికీ మించి, ఉయ్యూరు తిరునాళ్ళలో సైకిలు పందెం నెగ్గి ఇత్తడి చెంబు గెలిచినవాణ్ణి. సైకిలు సంగతుల్లో నాకు తెలియనిది ఉండకూడదని నా పట్టుదల. అలాంటి నాకు అంతుపట్టని సైకిలు ఒక్క మా చినమామయ్యదే.

చినమామయ్యంటే మా ఆవిడ రాఘవమ్మకి సొంత చిన్నాన్న. మా అత్తగారి ఊరు కొల్లేటి ఒడ్డున గువ్వలలంక. ఊరంతా మగ్గాలే. ఇంట్లో నేసిన పంచెలూ చీరలూ మూట కట్టి, సైకిలు మీద లంక గ్రామాలు తిరిగి అమ్ముకురావడం ఆయన పని. ఒకసారి పంచెల మూట తీసుకుని బెజవాడ మా కొట్టుకి బయల్దేరారు. గవర్నర్‌పేట మలుపుదాకా వచ్చి, అక్కడ జట్కాబళ్ళు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. పంచెలు మళ్ళీ గువ్వలలంకే చేరాయి.

"అంత దూరం వచ్చి కొట్టుకి రాకుండా వెళ్ళిపోవడమేంటి మామయ్యా?" అన్నాను తర్వాత కనబడ్డప్పుడు.

"వద్దామనే అనుకున్నానండీ అల్లుడుగారూ. మీ ఊళ్ళో చోటేదీ?" అన్నారు.

అసలు వింత ఇది కాదు. ఆయన సైకిలు తొక్కితే పక్కన కోడిపుంజు నడిచి దాటిపోయేది. అంత నెమ్మది. బెల్లు కూడా పీకేశారు, కొంగలు బెదురుతాయని. ఆయన పడటం చూసినవాళ్ళు లేరు, ఒంటి మీద గీత కూడా ఉండేది కాదు. కానీ ఎప్పుడు చూసినా సైకిలు హ్యాండిలు వంకర, మడ్‌గార్డు సొట్ట, చక్రంలో తుమ్మకంప. మధ్యలో అడ్డంగా ఉండే గొట్టాన్ని కమ్మరివాడి చేత కోయించి, కిందికి వంచి అతికించారు కూడా. మంచి సైకిలుకి ఎవరైనా అలాంటి పని చేస్తారా?

మా అత్తగారు వెంకటరావమ్మగారు మరిదిని ఊరికే వదిలే మనిషి కాదు. "ఏం అంకమ్మరావూ, నీ సైకిలుకి పెళ్ళిచూపులా? రోజుకో కొత్త దారి వెతుకుతావు."

"నీ నోరూ రోడ్డు లాంటిదే వదినా. ఎప్పుడూ ఖాళీ ఉండదు."

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ నాతో గొంతు తగ్గించి, "అవతల లంకలో ఎవతో ఉందండీ. లేకపోతే ఆ దొంగదారులెందుకు?" అనేది. నా అనుమానం వేరు. యుద్ధం కదా, జర్మనీవాడికి కొల్లేటి దారులు గీసి పంపుతున్నారేమోనని.

సంగతి తేల్చుకోవాలని ఒకరోజు నా సైకిలు తీసి ఆయన వెంట పడ్డాను. కాలవగట్టు దాటి తుమ్మడవిలో దూరాం. నిజం చెప్పాలి, ఆ దారి చాలా బాగుంది. రెండు పక్కలా తుమ్మ కొమ్మలు పైన కలిసి పందిరేశాయి, పసుప్పచ్చ పూలు మట్టి మీద పరుచుకుని ఉన్నాయి. అడవి దాటగానే ఒక పక్క జమ్ముగడ్డి, దాని వెనక కొల్లేరు. గూడకొంగలు మమ్మల్ని చూసి కూడా లేవలేదు. చక్రాల కింద మట్టి నలిగే చప్పుడు తప్ప ఇంకోటి లేదు. పందెం నెగ్గిన కాళ్ళు కూడా అక్కడ తొందరపడలేదు.

మామయ్య దిగి అటూ ఇటూ చూశారు. బొటనవేలితో నేల నొక్కి చూశారు.

"ఇక్కడ మెత్తగా ఉంది. పడ్డా దెబ్బ తగలదు. ఎవరూ చూడరు కూడా."

"పడటమెందుకు మామయ్యా?"

దూరంగా గట్టు మీద చేపల తట్టతో ఎవరో వస్తున్నారు. "రోడ్డు నిండిపోయింది. పదండి ఇంటికి," అన్నారు.

ఆ ఏడే మా రాఘవమ్మ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. నేనూ కొట్టు మా తమ్ముడికప్పగించి వచ్చాను. అత్తగారికి ఒకటే బెంగ. ఆ చుట్టుపక్కల చేతివాసి ఉన్న మంత్రసాని చేపలవాళ్ళ లంకలో ఉండే రత్తమ్మ ఒక్కతే. అక్కడినుంచి గట్టు చుట్టి నడిచి రావాలి. నాటుపడవ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. ఆమె వచ్చేసరికి బిడ్డ పుట్టేసి ఉండటం గువ్వలలంకలో మామూలే. ఒకటి రెండు ఇళ్ళలో ఆ ఆలస్యం తల్లుల ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే అత్తగారు రాఘవమ్మ మొహం చూసినప్పుడల్లా గట్టు వైపు చూసేది.

"మీరు బెంగపెట్టుకోకండి అత్తయ్యా. నేనున్నాను. కబురు చెప్పి, ఆమెని వెనక కూర్చోబెట్టుకుని, మీరు నీళ్ళు కాచేలోపు తెస్తాను. ఇత్తడి చెంబు ఊరికే ఇచ్చారనుకున్నారా?" అన్నాను.

"నేను వెళ్ళనా వదినా?" అన్నారు చినమామయ్య అరుగు మీద నుంచి.

"నువ్వు వెళ్తే బిడ్డకి అన్నప్రాసన అయ్యాక వస్తావు," అంది అత్తగారు.

నొప్పులు తెల్లారి మొదలయ్యాయి. నేను పంచె ఎగ్గట్టి సైకిలెక్కి నడివీధిన దూసుకుపోయాను. వీధి చివర సాలెవారి పాలెం. అక్కడ బ్రేకు వేయక తప్పలేదు. వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా పడుగులు, మగ్గానికెక్కించే నిలువు నూలుపోగులు, సాగదీసి కట్టి ఉన్నాయి. ఎండ ముదరక ముందే గంజి పెట్టాలని పాలెం మొత్తం కుంచెలతో నిలబడింది. సందుల్లో మనిషి పక్కకి తిరిగి నడవొచ్చు గానీ సైకిలు పట్టదు.

"జక్కయ్యా, కొంచెం ఎత్తిపట్టవయ్యా," అన్నాను, కుంచె పట్టుకున్న పెద్దాయనతో.

"తడి మీదుందండీ అల్లుడుగారూ. ఇప్పుడు కదిలిస్తే పోగుకి పోగు అంటుకుపోద్ది. మీరూ మగ్గం ఇంట్లో పుట్టినోరే కదా."

పుట్టినవాణ్ణే. తడి పడుగుని కదపకూడదని, పొరపాటున కూడా దాటకూడదని నాకు నడక రాకముందే నేర్పారు. ఆ కరువులో నూలు కోసం ఎంత తిరిగారో కూడా తెలుసు. సైకిలు వదిలేసి నడిస్తే మధ్యాహ్నమవుతుంది. ఏంచేయను? ఏ దారిని అనుమానించానో ఆ దారికే సైకిలు తిప్పాను.

తుమ్మడవిలో దూరిన కాసేపటికి దారి తప్పాను. ఎటు చూసినా ఒకే తుమ్మ, ఒకే మట్టి. పందెంలో దారి పొడుగునా జనం నిలబడి అటు వెళ్ళు, ఇటు వెళ్ళు అని అరుస్తారు. ఇక్కడ అరిచేవాడు లేడు. పొద్దెక్కేదాకా అక్కడక్కడే తిరిగి, సైకిలు దిగి నిలబడ్డాను. అప్పుడు వినిపించింది ఆడమనిషి గొంతు.

"తప్పుకోండి బాబో, తప్పుకోండి. నాకు బ్రేకు ఇంకా రాలేదు."

మలుపులోంచి రత్తమ్మ వచ్చింది. గోచీకట్టు చీర, వెనక కారియర్ మీద మందుల మూట, కింద మా చినమామయ్య సైకిలు. నేను పక్కనున్న తుమ్మపొదలోకి దూకాను. ఆమె నన్ను దాటిపోయిన వేగం ఉయ్యూరు తిరునాళ్ళలో కూడా నేను చూడలేదు. వెనకాల చినమామయ్య పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు.

"కుడికి రత్తమ్మా, కుడికి. ఎదర చూడు, నన్ను చూడకు," అంటూ నా దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నారు. "మీరు నడివీధిన వెళ్ళారని తెలిసి ఇటొచ్చానండీ. ఇవాళ పడుగులు కదా."

మేమిద్దరం ఇల్లు చేరేసరికి సైకిలు పెరటి గడ్డివాములో సగందాకా దిగబడి ఉంది. రత్తమ్మ దాన్ని ఆపే పద్ధతి అదీ. ఇన్నాళ్ళ వంకర హ్యాండిలుకి అర్థం అప్పుడు తెలిసింది. లోపలి నుంచి రత్తమ్మ కేకలు, అత్తగారి కేకలు, చివరికి అందరికన్నా గట్టిగా ఇంకో కొత్త కేక. ఆడపిల్ల. బిడ్డ అడ్డం తిరిగిందట. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కారని అత్తగారు చెప్పి, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"నేర్పితే నేర్పారు, ఇంత దొంగచాటుగా ఎందుకు మామయ్యా?" అన్నాను.

ఆయన గడ్డివాములోంచి సైకిలు లాగుతూ అన్నారు: "ఆడమనిషి సైకిలెక్కితే జనం నవ్వుతారండీ. నవ్వితే దిగిపోద్ది. దిగితే మళ్ళీ ఎక్కదు. అందుకని నవ్వేవాళ్ళు లేని రోడ్డు వెతికాను. గొట్టం కోయించాను. మీ ఊరి జట్కాలు చూసి భయపడ్డాననుకున్నారు కానీ, ఆవేళ పాఠానికి వేళయిపోయింది."

రత్తమ్మకి చీర పెట్టాం. దానితోబాటు నా ఇత్తడి చెంబూ ఇచ్చాను. న్యాయంగా పందెం ఆమే నెగ్గింది. ఆ తర్వాత ఆమె నడివీధినే తొక్కుకుంటూ వచ్చేది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినవాడి ఇంట్లోనూ కాన్పు వస్తుంది కదా.

పురుడు వెళ్ళాక ఒక సాయంత్రం చినమామయ్యా నేనూ కొల్లేటి గట్టున వెళ్తున్నాం. ఎదర రత్తమ్మ సైకిలు మీద వస్తోంది. మామయ్య వెంటనే హ్యాండిలు తిప్పారు.

"ఈ రోడ్డూ నిండిపోయింది. ఇంకోటి వెతకాలి."

"ఇంకా ఎందుకండీ? ఆమె నేర్చుకుంది కదా."

ఆయన చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

"మీ అత్తగారు తనకీ నేర్పమని అడుగుతోందండీ. కొంచెం వెడల్పయిన దారి కావాలి."