ఏడో ఆల్బం కోసం దాచుకున్న చెవులు

మా పామాయిల్ మిల్లులో కిషన్‌లాల్ అంత మొండి మనిషి ఇంకొకడు లేడు. అలాంటివాళ్లు ఇద్దరుంటే నేనెప్పుడో ఉద్యోగం మానేసి మా నాన్న మిరపతోటలో కాయలు ఏరుకుంటూ ఉండేదాన్ని. నేను ల్యాబులో నూనె పరీక్ష చేస్తాను. అతను ప్రెస్ ఆపరేటర్. ఉడికిన గెలల నుంచి రాలిన పండ్లను పిండి నూనె తీసే యంత్రం అది. దాని పక్కన నిలబడి మాట్లాడాలంటే ఎదుటిమనిషి చెవిలో నోరు పెట్టాలి. అలాంటి చోట ఏళ్ల తరబడి పనిచేశాడు.

అశ్వారావుపేట దాటి అడవివైపు పోతే అతని తండా. భార్య జమ్లి తోటల్లో గెలలు కోసినప్పుడు రాలిన పండ్లు ఏరే కూలికి పోతుంది. మనిషి మంచిదే కానీ నోటికి కత్తెర లేదు. భర్త వినే పాటలంటే ఆమెకు అసహ్యం. "గా అరుపులేంది, ఎవరినన్న కొడుతున్నరా?" అంటుంది.

ఆ అరుపులు నిప్పుకోడి వాళ్లవి. ముప్పై ఏళ్లుగా తెలుగులో రాక్ పాడుతున్న సికింద్రాబాద్ బ్యాండు అది. గిటార్లు మొత్తుకుంటుంటే వాటిని మించి బెంజమిన్ అనే ఆయన మొత్తుకుంటాడు. అభిమానులకు ఆయన బెంజి అన్న. కిషన్‌లాల్ పట్టుబట్టి వినిపించినప్పుడు, ఎవరో రేకుల షెడ్డు కూలగొడుతున్నారనుకున్నాను. ఇప్పుడు నా ఫోన్ నిండా అవే పాటలు. ఆ పాపం పూర్తిగా కిషన్‌లాల్‌దే.

ఖమ్మంలో ఐటీఐ చదివేటప్పుడు ఒక కాలేజీ గ్రౌండులో వాళ్ల కచేరీ జరిగిందట. సగంలో కరెంటు పోయింది. జనం ఈలలు వేసి లేచిపోతుంటే, బెంజి అన్న మైకు కింద పెట్టి ఉత్త గొంతుతో పాడాడట.

"నేను గోడెక్కి కూసున్న మేడం. గంత దూరం నాకినొచ్చింది. నాకోసమే పాడుతుండనుకున్న," అనేవాడు.

మొదట్లో శ్రద్ధగానే వినేదాన్ని. తర్వాత తర్వాత, "ఎక్కావు, తెలుసులే, ఇంక దిగు," అనేదాన్ని.

చెవులకు పెట్టుకోమని మిల్లులో అందరికీ మఫ్‌లు ఇచ్చారు. కిషన్‌లాల్ వాటిని ముట్టుకోలేదు. అతనిదొక సిద్ధాంతం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి నిప్పుకోడిని పెట్టుకుంటే యంత్రం చప్పుడు లోపలికి రాదట. యంత్రం హోరులో పాట వినపడదు కాబట్టి సౌండు చివరికంటా పెంచేవాడు. "పాట అడ్డం పెట్టిన మేడం. చప్పుడెట్లొస్తది?" అని నన్నే అడిగేవాడు. ఫిట్టర్ చదువు చదివినవాడు, యంత్రంలో ఏ బోల్టు వదులైందో చెప్పగలిగినవాడు, తన చెవుల దగ్గరికొచ్చేసరికి ఇలా ఆలోచించాడు.

పోయినేడు చలికాలంలో, పిలిస్తే పలకడం లేదని జమ్లే అతన్ని ఖమ్మం తీసుకెళ్లింది. చెవి డాక్టరు పరీక్ష చేసి, పోయినదాంట్లో సగం మిల్లు తిన్నదయ్యా, సగం నువ్వే తినిపించావన్నాడట. పోయింది రాదు, ఉన్నది కాపాడుకో, చప్పుడుకు దూరంగా ఉండు, ఇయర్‌ఫోన్లు మానెయ్యి, అని పంపించాడు.

సరిగ్గా అప్పుడే బెంజి అన్న ఒక ఫొటో పెట్టాడు. స్టూడియోలో మైకు, పక్కన ఏడు అంకె. అంతే, ఇంకేమీ రాయలేదు.

మాకో వాట్సాప్ గ్రూపుంది. పేరు "నిప్పుకోడి అభిమానులు, ఉమ్మడి ఖమ్మం జిల్లా". జిల్లా ముక్కలై ఏళ్లవుతున్నా మావాళ్లు గ్రూపును ముక్కలు కానివ్వలేదు. ఆ ఫొటోతో గ్రూపుకు పూనకం వచ్చింది. ఏడో ఆల్బం వస్తోంది! ఖమ్మంలో ఫ్లెక్సీలు కొట్టే పవన్ అనే కుర్రాడు గంటకో వార్త పుట్టించేవాడు. రెండు భాగాల ఆల్బమన్నాడు. బెంజి అన్నకు గొంతు ఆపరేషన్ అయిందన్నాడు. గిటారిస్టు గుండు కొట్టించుకున్నాడు కాబట్టి ఇదే ఆఖరి ఆల్బమన్నాడు. ముదిగొండ నుంచి ఒకాయన, ఎర్రుపాలెం నుంచి ఇంకొకాయన లేచి గుండుకు ఆల్బంకు ఏం సంబంధమని కొట్లాట. ఎంత కొట్టుకున్నా చివరికి అందరూ కిషన్‌లాల్ మాటకోసం చూసేవాళ్లు. అతని అంచనా ఎప్పుడూ తప్పేది కాదు.

ఆ డాక్టరు మాట విన్నాక కిషన్‌లాల్ చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. మేనేజరును బతిమాలి ప్రెస్ దగ్గర్నుంచి గెలల ట్రాక్టర్లు దింపే ర్యాంపు మీదికి మారాడు. ఇయర్‌ఫోన్లు తీసి జమ్లి చేతికిచ్చాడు. పాత పాటలు వినడం పూర్తిగా మానేశాడు.

"ఉన్నయన్ని ఏడో ఆల్బంకే మేడం. గది ఒక్కసారి మొత్తం ఇంటే చాలు. తర్వాత పోతే పోనీ," అన్నాడు.

"చెవులేమన్నా గాదెలో వడ్లా, దాచుకోడానికి?" అన్నాను. నవ్వాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. గ్రూపులో ఒక నియమం పెట్టాడు. ఆల్బంకంటే ముందు ఒక్కో పాట విడిగా వదులుతారు కదా, సింగిల్ అని, దాన్ని ఎవరూ వినకూడదట. నిప్పుకోడి ఎప్పుడూ అన్నిటికన్నా నాసిరకం పాటనే ముందు వదులుతుందని అతని లెక్క. "సింగిలంటే పెండ్లిసూపులల్ల పెట్టే ఫలారమసొంటిది. గది తిని పిల్ల గుణం చెప్తరా? ఆల్బం మొదటి నుంచి ఆఖరి దాంక వరుసగ ఇనాలె," అని రాశాడు. అందరూ "అవునన్నా" అన్నారు. సింగిల్ రాగానే అందరూ చాటుగా విన్నారు. నేనూ విన్నాను. నియమం పెట్టినవాడొక్కడే దానికి కట్టుబడ్డాడు.

అది వేసవి చివర. ఆల్బం అప్పటికే ఒకసారి వాయిదా పడింది. కిషన్‌లాల్ మంచినీళ్లకు ల్యాబులోకి వచ్చాడు. కొంచెం గొంతు పెంచి మాట్లాడితే బాగానే వినపడుతోంది.

"సింగిల్ విను కిషన్‌లాల్," అన్నాను.

"వద్దు మేడం."

"ఆల్బం ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. నీ చెవుల సంగతి నీకు తెలుసు. వినపడుతున్నప్పుడే వినవయ్యా!"

"వానలు పడ్డంక ఆల్బమొస్తది. ఇన్నాళ్లు ఆగినోన్ని, రెండు నెలలు ఆగనా?"

నాకు మొండితనం నచ్చదు. ఫోన్ తీసి పాట పెట్టేశాను. గిటారు ఇలా మొదలైందో లేదో, కిషన్‌లాల్ రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని, వీపుతో తలుపు తోసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. నవ్వుతూనే వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం మనిషివయ్యా! ఆకలేస్తుంటే తినకుండా పండక్కి దాచుకుంటావా?" అని వెనకాల నుంచి అరిచాను. ర్యాంపు దాకా చేతులు దించలేదు.

వానలు పడ్డాయి. ఆల్బం రాలేదు. జ్వరాలు వచ్చాయి.

మా అడవి పల్లెల్లో శ్రావణం వస్తే ఇంటికొకరు దుప్పటి కప్పుకుని వణుకుతుంటారు. కిషన్‌లాల్‌కు వచ్చింది మామూలు చలిజ్వరం కాదు, మలేరియా మెదడుకు ఎక్కింది. దవాఖానాకు చేరేసరికి తెలివి లేదు. నేను వెళ్లినప్పుడు జమ్లి మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. అతని అరికాళ్లు రుద్దుతోంది. ఏవేవో ఇంజెక్షన్లు చేశారు, సెలైన్లు ఎక్కించారు. బతికించారు. ఆ డాక్టర్లకు ఇప్పటికీ దండం పెడతాను.

కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాట, "అందరు గుసగుసలాడుతున్నరేంది?"

ఎవరూ గుసగుసలాడటం లేదు. పక్క మంచం ముసలాయన కొడుకును గొంతు చించుకుని తిడుతున్నాడు. జమ్లి నా మొహం చూసింది. "గట్టిగ మాట్లాడుండ్రి," అన్నాడు కిషన్‌లాల్. జమ్లి అతని చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. వార్డంతా తిరిగి చూసింది, అతను చూడలేదు.

చెవి నరం చచ్చిపోయిందన్నారు. జ్వరం వల్లా, మందుల వేడి వల్లా, ముందే దెబ్బతిన్న చెవులు కావడం వల్లా అని అడిగితే, మూడూ కావచ్చన్నారు. మిషను పెట్టినా లాభం లేదన్నారు.

కిషన్‌లాల్ నమ్మలేదు. చెవుల్లోకి నీళ్లు పోతే కొన్నాళ్లకు దిగినట్టు ఇదీ దిగుతుందని అతని ధీమా. గ్రూపులో ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇంట్లో మంచం మీద కూర్చుని, ఫోన్ పట్టుకుని, ముందుకంటే ఎక్కువ రాసేవాడు. ఎన్ని పాటలుంటాయి, ఏది ఎవరు రాసుంటారు, ఆఖరి పాట నెమ్మదిగా ఉంటుందా ఉండదా. రాయడానికి చెవులతో పనేముంది! పవన్ పుట్టించిన ప్రతి పుకారునూ తిప్పికొట్టేవాడు.

ఒక్కటే మారింది. అంతకుముందు ఆల్బం ఎప్పుడెప్పుడొస్తుందా అని తహతహలాడినవాడు, ఇప్పుడు ఆలస్యమవుతుందని అందరినీ నమ్మించేవాడు. "దసరాకు రాదు. మిక్సింగ్ కాలే. సంక్రాంతి దాటుతది, రాసి పెట్టుకోండ్రి," అనేవాడు. చెవులు వచ్చేదాకా ఆల్బం ఆగాలి. అతని ఆశంతా దానిమీదే.

దసరాకని బ్యాండు ప్రకటించింది. నేను కూడా వాయిదా పడాలనే కోరుకున్నాను. ఇన్నేళ్లలో ఏ ఒక్కటీ చెప్పిన రోజుకు చెయ్యని ముదనష్టపోళ్లు, ఈసారి చెప్పిన రోజుకు వదిలారు!

పొద్దున్నే మొత్తం విన్నాను. నాసిరకంగా ఉంటే ఎంత బాగుండేదో. బాగుంది. ఆఖర్న గిటారు లేకుండా బెంజి అన్న ఉత్త గొంతుతో ఒక పాట పాడాడు, నాకు ఏడుపొచ్చింది. సింగిల్ మీద కిషన్‌లాల్ లెక్క తప్పింది. ఆ సింగిలే ఆల్బంలో మొదటి పాట, అన్నిటికన్నా గొప్ప పాట అదే. స్కూటీ తీసుకుని తండాకు వెళ్లాను.

తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. జ్వరానికి సగమైపోయాడు. జమ్లి ఇయర్‌ఫోన్లు తెచ్చి అతని ఒళ్లో పడేసి, గోడకు ఆనుకుని నిలబడింది. వాటిని చెవుల్లో పెట్టుకున్నాడు. మొదటి పాట నొక్కి, సౌండు చివరికంటా పెంచాడు.

గుమ్మంలో నిలబడ్డ నాకు పాట వినపడుతోంది. జమ్లికి వినపడుతోంది. కిషన్‌లాల్ కదలకుండా ఫోన్ తెరమీద గీత జరగడం చూస్తున్నాడు. పాట పూర్తిగా అయిపోయేదాకా చూశాడు. ఇయర్‌ఫోన్లు తీసి, కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాత ఇటు తిరిగాడు. "ఎట్లుంది మేడం?" అని అరిచాడు. తన గొంతు తనకు వినపడక అరుస్తున్నాడు పాపం.

జమ్లి అతని ముందే నన్ను అడిగింది. "బాగున్నదా?"

"బాగుంది."

"బాగలేదని చెప్పు. బాగుందంటే ఈ మనిషి నాకు దక్కడు."

గొంతు తగ్గించాల్సిన అవసరం ఆమెకు లేదు. అతను మంచం మీద నుంచి మా ఇద్దరి నోళ్లవైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఫోన్ తీసి, "ఏం బాగాలేదు. బెంజి అన్న గొంతు పోయింది. నువ్వు వినకపోవడమే మంచిదైంది," అని టైపు చేసి చూపించాను.

చదివాడు. మొహం ఎర్రబడింది.

"తప్పు! మీరు సరిగ్గ ఇనలే. బెంజి అన్న గొంతు పోవుడేంది? ఎవడన్నడు గా మాట? మీకేం తెల్సు మేడం?" మంచం దిగి నిలబడబోయి, కాళ్లు వణికి మళ్లీ కూలబడ్డాడు. జమ్లి పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. ఇన్నేళ్లలో నామీద కోప్పడటం అదే మొదటిసారి.

అప్పటికి గ్రూపులో పొద్దుటి నుంచీ ఒకటే పిలుపు. కిషనన్న విన్నాడా, కిషనన్న ఏమన్నాడు. అతను ఫోన్ దగ్గరికి లాక్కుని రాశాడు. "ఇన్న. మొత్తం ఇన్న. ముప్పై ఏండ్లల్ల గిసొంటిది రాలే. గొంతు గట్లనే ఉన్నది."

నా ఫోన్ ఆగకుండా మోగింది. దండాలు, గుండెలు, ఈలలు. ఎర్రుపాలెం ఆయన చూశారా నేను చెప్పలేదా అన్నాడు. పవన్ అడిగాడు, "అన్నా, ఆఖరి పాటకు నేనైతే ఏడ్చిన. నువ్వు ఏడ్వలేదా?"

కిషన్‌లాల్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వేలితో ఒక్కో అక్షరం నొక్కుతుంటే జమ్లి, ఏం రాస్తున్నాడని నన్ను అడిగింది. నేను నా ఫోన్ చూశాను.

"నేను మొదటి పాటకే ఏడ్చిన తమ్మీ," అని రాశాడు.