మూడో రోజు గడప

మా టీచర్ చనిపోయారన్న కబురు సోమవారం పొద్దున ఫోన్‌లో వచ్చింది. హైస్కూల్లో మాకు సాంఘికశాస్త్రం పాఠాలు చెప్పిన టీచర్. ఆ రోజు నేను అన్నం ముట్టకపోతే మా అమ్మ పక్కింటామెతో, "కొత్త పని గదా, భయపడతాండాది" అంది. వచ్చే సోమవారం నేను బళ్ళారిలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరాల్సిన మాట నిజమే. ఆ పని ఇప్పించింది మా చిన్నాయన. ఇంట్లో నా గురించి ఎప్పుడూ ఇంతే. ఊరకుంటే భయం, మాట్లాడితే పొగరు. ఒక మనిషి పోయిందని ఏడుస్తున్నానని ఎవరికీ తోచలేదు. తోచినా ఒప్పుకోరు. ఆ మనిషిని ఊరి నుంచి సాగనంపింది మేమే కాబట్టి.

మాది సిరుగుప్ప దగ్గర, తుంగభద్ర పక్కన ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మిరప పండే కాలం వస్తే క్లాసులో ఆడపిల్లల బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. కాయ తెంపడానికి చిన్న చేతులు మేలని పెద్దవాళ్ల నమ్మకం. టీచర్ దీని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక పద్ధతి పెట్టారు. ఏ పిల్లయినా వరసగా రెండు రోజులు రాకపోతే, మూడో రోజు సాయంత్రం ఇద్దరు నోటుపుస్తకం పట్టుకొని ఆ ఇంటికి పోవాలి. గడపలో కూర్చోవాలి. జరిగిన పాఠమంతా ఆ పిల్ల రాసుకునేదాకా లేవకూడదు.

"ఎందుకు రాలేదని అడగొద్దు. బుద్ధులు చెప్పొద్దు. నీళ్లిస్తే తాగండి, తిడితే వినండి. ఊరికే కూసోండి" అనేవారు.

గడపలోనే ఎందుకని అడిగితే నవ్వారు. "దీపం పెట్టే యాళకి ఎవురికైనా గడప ఖాళీ కావల్ల గదా."

ఆ పద్ధతి నాకు మొదట తెలిసింది మా గడపలోనే. ఎనిమిదో తరగతిలో నన్ను కాయ తెంపడానికి పంపారు. మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా క్లాసు పిల్లలు ఇద్దరు మా గడప మీద కాళ్లు ముడుచుకొని ఉన్నారు. మా అవ్వ చీకటి పడుతోందని లోపలికీ బయటికీ తిరుగుతోంది.

"ఏందే, జప్తు చేయను వచ్చినట్ల కూసున్నారు? లక్ష్మి వచ్చే యాళ, లెయ్యండే."

"మేమూ లక్ష్ములమే గదా అవ్వా. రాసుకోనీ, పోతాం."

నా వేళ్లు మంటెత్తి పెన్ను నిలవడంలేదు. అవ్వ తిట్టుకుంటూనే చిన్న గిన్నెలో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. వేళ్లు ముంచుతూ రాశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పేజీల అంచుల్లో ఎర్రటి వేలిముద్రలు. మర్నాడు మా నాయనే నన్ను బడికి పంపాడు. చదువు మీద ప్రేమతో కాదు, మళ్లీ గడప మీద ఎవరూ కూర్చోకూడదని.

అర్జీ రాయడం కూడా ఆమే నేర్పారు. "కండ్లతో చూసింది ముందర రాయల్ల. అడిగేది చివర్లో. తిట్టు యాడా ఉండకూడదు." మా బడి మరుగుదొడ్డి తలుపుకు గడియ వచ్చింది మా అర్జీ వల్లే. దాన్ని రాసింది నేను. నా కన్నడ అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆమె అందరికీ చూపించేవారు.

నేను పదిలో ఉండగా చిన్నాయన పెద్దకూతురు బడికి రాలేదు. చిన్నాయన మేస్త్రీ, కూలి గుంపులను కట్టి పొలాలకు పంపేవాడు. మూడో రోజు టీచర్ నన్ను పిలిచారు. "మా ఇంటి సంగతి గదా టీచర్, నేను చూసుకుంటా" అన్నాను. ఆమె నమ్మారు. నేను పోలేదు. పండగకు నాకు బట్టలు తెచ్చే చిన్నాయన గడపలో అలా కూర్చోవడానికి సిగ్గేసింది. అంతకన్నా పెద్ద కారణం లేదు. రెండు రోజులు గడిచాక ఆ పిల్ల గుంపుతో నది అవతలికి పోయిందని తెలిసింది.

ఆ సాయంత్రం టీచర్ ఒక్కరే వచ్చి చిన్నాయన గడపలో కూర్చున్నారు.

"మా ఇల్లు నడిపేది మేమా, నువ్వా?" అన్నాడు చిన్నాయన.

"పిల్లని పిలిపించప్పా, లేస్తా."

దీపాల వేళ ఊడిస్తే ఇంటికి అరిష్టమని మమ్మల్ని తిట్టే మా చిన్నమ్మ, ఆ రోజు తనే చీపురు పట్టింది. గడప మీది దుమ్మంతా టీచర్ చీర మీదికి ఊడ్చింది. వీధి మొత్తం చూసింది. నేను మా ఇంటి కిటికీలోంచి చూశాను.

ఆ వారమే చిన్నాయన అర్జీ పెట్టాడు. ఆయన స్కూలు కమిటీ సభ్యుడు. ఆయన తెలుగులో చెప్పాడు, నేను కన్నడంలో రాశాను. పిల్లలను ఇళ్ల మీదికి ఉసిగొల్పుతున్నారని. చూసింది ముందు, అడిగేది చివర, తిట్టు ఎక్కడా లేదు. మా నాయనతో సహా వీధంతా సంతకాలు చేసింది. టీచర్‌ను ఇనుప గనుల పక్క, కూరెకుప్ప వైపు బడికి మార్చారు. మార్పు తేవడం నేర్పిన మనిషి దగ్గర చదువుకొని మేం తెచ్చిన పెద్ద మార్పు అదొక్కటే.

వెళ్లే రోజు హాజరు పట్టీ మూస్తూ నా వైపు చూశారు. "అర్జీ చూపించినార్లే. ఒక్క ఒత్తు గూడా తప్పు పోలే." కోపం ఉంటే తట్టుకునేదాన్ని.

కిందటేడు బళ్ళారి బస్టాండులో కనబడ్డారు. చేతిసంచి కుట్లలో ఎర్ర దుమ్ము పేరుకొని ఉంది. క్షమించమని అడగడానికి మాటలు ఏరుకుంటున్నాను. ఆమె వాటికి చోటివ్వలేదు.

"మీ చిన్నాయన పెద్దకూతురు యాడ ఉండాది?"

"పెండ్లయింది టీచర్. ఆంధ్రా పక్క."

"రెండోది ఉండాది గదా, చదువుతాండాదా?"

"చదువుతాంది."

బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగారు. "ఆయ్తు, సరే. మూడో రోజు మర్చిపోవద్దు."

ఈ బుధవారం మా బడిలో సంతాప సభ పెట్టారు. ఫొటోకు చిన్నాయనే దండ వేశాడు. ఇలాంటి టీచర్ మళ్లీ పుట్టదని మాట్లాడాడు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని పిల్లలకు ఎవరూ చెప్పలేదు, కొట్టారు. నేను తొమ్మిదో తరగతి ఆడపిల్లల వరస చూశాను. చిన్నాయన రెండోకూతురు లేదు.

"నిన్న గూడా రాలేదక్కా" అంది పక్క పిల్ల. "మిరపకాయ తెంపను పోతాండాది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "ఆయన ఇప్పించిన పనికి పోతా, ఆయన గడపకే అడ్డం పడతావా? పని భయానికి నీకు మతి చలించినాది" అంది. మళ్లీ భయమే.

రేపు మూడో రోజు. సభలో నాకు ఆ సంగతి చెప్పిన తొమ్మిదో తరగతి పిల్ల నోటుపుస్తకంతో నా వెంట వస్తానంది. ఒక చెంబులో మజ్జిగ తీసుకుపోతాను. కోల్డ్ స్టోరేజీ పని పోతే పోతుంది. దీపాల వేళకు చిన్నాయన గడపలో కూర్చుంటాను. చిన్నది రాసుకునేదాకా లేవను.