చెరువులో నవాబు పడవ

తడిసిన టేకు వాసన తగిలితే వికారాబాద్ చెరువు గుర్తొస్తుంది. నిజాం పాలన ముగిసిన తొలి ఏళ్లవి. "నవాబు షికారు పడవను మీ తాతే ముంచిండు" అని బడిలో పిల్లలు నన్ను గేలి చేసేవారు. దాన్ని నడిపినవాడు మా తాత. ఆయన నిర్దోషి అని రుజువు చేయాలని, ఎండాకాలం నీరు తగ్గాక, మోకాటి లోతులో నడిచి పడవ దాకా వెళ్లాను. అడుగున చిల్లు లేదు. లోపల తాండూరు బండలు వరుసగా పేర్చి ఉన్నాయి.

"ఎవరు పెట్టిండ్రు తాతా?" అని ఇంటికొచ్చి అడిగాను.

"నేనే బిడ్డా. ఒడ్డున ఉంచితే ఎండకు పలకలు పగులుతయి. నీళ్లల్ల మంచిగుంటది. నవాబు సాబ్ వస్తే బండలు తీసి తేలుస్త."

మరునాడు బడిలో "అవు, మా తాతే ముంచిండు" అని గర్వంగా ప్రకటించి, కారణం కూడా వివరించాను. దేశం దాటిన నవాబు ఇక తిరిగి రాడన్న సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలియదు. తాతకు తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను.