మేడ మీది గొంతు

ఓవీడ్ ఫాల్గూను మేడ ఎక్కించింది ఆయన భార్య ఎర్లీన్.

బెల్ రివ్ హైస్కూల్లో, బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో జనం కూర్చునే మెట్ల వరసలకు పైన, రేకుల కప్పుతో ఒక ఇరుకు గది ఉంది. దాన్నే మా ఊళ్ళో మేడ అంటారు. గడియారం తిప్పేవాడూ, మైకులో పేర్లు చదివేవాడూ, ఊరి రేడియోవాడూ అందులో సర్దుకుని కూర్చుంటారు. వాళ్ళ పక్కన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని నిలబడే పెద్దమనిషి ఓవీడ్. బంతి మన జట్టు చేతిలో ఉన్నంతసేపూ తర్వాతి ఎత్తు ఏమిటో తేల్చేది ఆయనే. పైనుంచి ఆయన చెబుతాడు, కింద మైదానం అంచున గీత పక్కన నిలబడ్డ హెడ్ కోచ్ విని లోపల ఆడే కుర్రాళ్ళకు అందిస్తాడు.

ఒకప్పుడు ఓవీడ్ కూడా గీత పక్కనే నిలబడేవాడు. ఆటలో ఆయన తెలివి ఎంతో, నోటి దురుసు అంతకు రెండింతలు. ఆ రోజుల్లో డేన్ రోబిషో అనే కుర్రాడు మా క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ఎత్తూ వాడి చేతిలోనే మొదలయ్యేది. ఒక శుక్రవారం ఓవీడ్ చెప్పిన చోటికే వాడు బంతి విసిరాడు. అక్కడ పొంచి ఉన్న ఎదుటి జట్టువాడు దాన్ని గాల్లోనే ఒడిసిపట్టుకుని చివరిదాకా పరిగెత్తాడు. డేన్ తల వంచుకుని గీత దగ్గరికి వస్తే, ఓవీడ్ వాడి హెల్మెట్ చువ్వలు పట్టి గుంజి, పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏకిపారేశాడు. వెనక వరసలో ఎర్లీన్ పక్కన కూర్చున్నావిడ డేన్ తల్లి. ఆడవాళ్ళిద్దరూ ప్రతి ముక్కా విన్నారు. డేన్ తల్లి చేతిలోని గంబో పులుసు గిన్నె కింద పెట్టి, మళ్ళీ తీయలేదు.

ఇంటికొచ్చాక ఎర్లీన్ కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే మాట్లాడింది.

"చూడు ఓవీడ్. అరవకుండా ఉండటం నీవల్ల కాదని నాకు తెలుసు. ఎవరికీ వినపడని చోటికి పోయి అరుచుకో. లేదంటే నేను ఆటకీ రాను, వంటా చెయ్యను. వంట సంగతి ఉత్తుత్తి బెదిరింపనుకునేవు."

ఆ మరుసటి శుక్రవారం ఆయన మేడ ఎక్కాడు. ఆ తర్వాత దిగలేదు.

ఆయన మామూలుగా కోపిష్టి మనిషి కాడు, అదే విచిత్రం. బళ్ళో ఆయన పని పిల్లలకు కారు నడపడం నేర్పడం. కొత్తగా స్టీరింగు పట్టిన పిల్ల కారును తిన్నగా కాలవలోకి దింపబోయినా, "అమ్మాయ్, మనం రోడ్డు మీదే పోదామా?" అంటాడు. ఎందుకంటే ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. సాధన రోజుల్లో కూడా అంతే, మెడలో ఈల ఉంటుంది, ఊదితే అంతా ఆగిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆటలో మాత్రం బ్రేకూ లేదు, ఈలా లేదు. తన బుర్రలో తయారైన ఎత్తు పదిహేడేళ్ళ కుర్రాడి చేతిలో పెట్టి, ఊరికే చూస్తూ నిలబడాలి. అది ఆయన తట్టుకోలేడు.

ఇంతలో డేన్ పెద్దవాడయ్యాడు, వేరే ఊళ్ళలో కోచ్‌గా పనిచేసి వచ్చాడు, ఆఖరికి మా బడికే హెడ్ కోచ్ అయ్యాడు. ఇంకేముంది, ఓవీడ్ మూటా ముల్లే సర్దుకోవాల్సిందే అనుకున్నాం. డేన్ మొదటి రోజే ఆయన గదికి వెళ్ళి, "బాబాయ్, నువ్వు మేడ మీదే ఉండు. ఎత్తులు నువ్వే చెప్పు" అన్నాడు. డేన్ నాన్నా, ఓవీడూ ఎండాకాలాల్లో ఒకే పడవ మీద రొయ్యలకు వెళ్ళేవాళ్ళు. అందుకని ఆ వరస. ఓవీడ్ సరేనన్నాడు. పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మేడ మీది నుంచి ఏం దిగేదో నేను రాయగలిగినంతవరకే రాస్తాను. "ఆ దున్నపోతుకి కళ్ళున్నాయా, బొక్కలున్నాయా? ఎడమపక్క ఇల్లంత ఖాళీ ఉంటే కనపడదా?" అని ఓవీడ్ హెడ్‌సెట్‌లోకి గర్జిస్తాడు. గడియారం తిప్పే ఫిర్మన్ చర్చిలో ప్రార్థనలు చదివించే మనిషి, చెవిలో దూది పెట్టుకుంటాడు. ఒక్క చెవిలోనే, రెండోది రిఫరీ ఈల కోసం. కింద డేన్ తాపీగా తలాడించి, కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "ఫాల్గూ సార్ ఎడమవైపు ఒక్కసారి చూసుకోమన్నారు. బాగానే ఆడుతున్నావన్నారు" అంటాడు.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఓవీడ్‌కీ కుర్రాళ్ళకీ తప్ప. కుర్రాళ్ళ లెక్కలో ఆయన మేడ మీది మహానుభావుడు, ఎంత తప్పు చేసినా మంచిమాటే పంపే దేవుడు.

నేను చెబుతున్న ఏడు మా క్వార్టర్‌బ్యాక్ టోబీ ప్లేజాన్స్. చెయ్యి మంచిది, గుండె పిరికిది. జట్టు వరసగా ఓడుతోంది. పొద్దున్నే పెట్రోలు బంకులో కాఫీ తాగుతూ, వేడి బూడాన్ సాసేజి నములుతూ ఊరు రెండు పార్టీలైంది. ఎత్తులు చెప్పేవాడు పిల్లవాడి కళ్ళెదుట ఉండాలని ఒక పార్టీ, పైనుంచైతేనే ఆటంతా కనిపిస్తుందని ఇంకోటి.

"ఏవయ్యా ఓవీడ్, దిగొచ్చి ఆ పిల్లోడి పక్కన నిలబడితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు ఒక చెరకు రైతు.

"కింద నిలబడితే ఏం కనపడుద్దోయ్, లావుపాటి కుర్రాళ్ళ వెనకభాగాలు తప్ప. చూడ్డానికవి నీకు బాగుంటాయేమో, నాకక్కర్లేదు."

అందరూ నవ్వారు. డేన్ కూడా అక్కడే ఉన్నాడు. ఏ పార్టీలోనూ చేరకుండా కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

చెరకు నరికే కాలం వచ్చింది. నరికిన చేలల్లో ఆకుచెత్త తగలబెడతారు. ఆ శుక్రవారం గాలి పడిపోయింది, బాయూ వాగు మీది నుంచి మంచు లేచింది, పొగా మంచూ కలిసి మైదానం మీద కూర్చున్నాయి. ఆట మొదలై కాసేపయ్యేసరికి పెద్ద దీపాల వెలుగు ఆ పొగ మీద పడి, మేడ మీది నుంచి చూస్తే కిటికీ అవతల అంతా కుండలో పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. ఓవీడ్ అద్దం తుడిచాడు. కిటికీ తెరిచి తల బయటపెట్టాడు. జనం కేకలు వినపడుతున్నాయి, ఒక్క మనిషీ కనపడటం లేదు. అయినా ఎత్తులు చెబుతూనే ఉన్నాడు. రెండుసార్లు బంతి మనకు వచ్చింది, రెండుసార్లూ ఏమీ కాకుండానే పోయింది.

"బాబాయ్, నీకేమైనా కనపడుతోందా?" అన్నాడు డేన్.

"నా మొహం కనపడుతోంది, అద్దంలో."

డేన్ మైదానం అటూ ఇటూ చూశాడు. "ఇక్కడ కాస్త నయం. దిగిరా. కానీ..."

"కానీ ఏంటి?"

"ఏంలేదు. దిగిరా."

ఆ 'కానీ' ఏమిటో ఓవీడ్‌కి తెలుసు. మెట్లు దిగుతున్నంతసేపూ పళ్ళు బిగించుకునే దిగాడు. ఎర్లీన్ కూర్చున్న వరస పక్కగా వెళ్ళేటప్పుడు ఆవిడ ఆయన మొహం చూసి, పక్కవాళ్ళతో చెబుతున్న మాట ఆపేసింది. ఈ వయసులో మళ్ళీ నోరు జారితే ఇంక ఎక్కడానికి మేడ లేదని ఆయనకు భయంగా ఉంది.

టోబీ ఆయన్ని చూడగానే బెంచీ మీది నుంచి లేచొచ్చాడు.

"వచ్చారా కోచ్! మీతో ఒకమాట చెప్పాలనుకుంటున్నా. మిర్‌వీల్ జట్టుతో ఆటలో బంతి జారవిడిచా కదా, అప్పుడు మీరన్న మాట మా అమ్మకి చెప్పా. మీకు పీకన్ పై మిఠాయి చేసి పంపుతానంది."

"నేనేమన్నాను?"

"మర్చిపోయారా? 'జారవిడిచిన చేతులే మళ్ళీ పట్టుకుంటాయి, కంగారుపడొద్దు' అన్నారంట కదా. డేన్ కోచ్ చెప్పారు."

ఆ రోజు తాను అన్నది ఓవీడ్‌కి బాగా గుర్తుంది. ఆ చేతులు నరికి పీతలకు ఎరగా వెయ్యమన్నాడు. ఆయన డేన్ వైపు తిరిగాడు. డేన్ పొగలోకి చూస్తూ నిలబడ్డాడు, అక్కడేదో మహా ముఖ్యమైనది జరుగుతున్నట్టు.

మాట్లాడే వ్యవధి లేదు. బంతి మనకొచ్చింది. ఓవీడ్ ఎత్తు చెప్పాడు, కుడివైపు దూరంగా విసరమని. టోబీ వెళ్ళాడు, వెనక్కి నాలుగడుగులు వేశాడు, పొగలోకి విసిరాడు. పొగలోంచి ఎదుటి జట్టువాడు బంతి గుండెలకు హత్తుకుని బయటికొచ్చాడు.

టోబీ డేన్ దగ్గరికి పోలేదు. నేరుగా ఓవీడ్ ఎదుటికొచ్చి, హెల్మెట్ తీసి నిలబడ్డాడు. మసి, చెమట, బితుకు చూపు. మంచిమాట కోసం వచ్చాడు. ఓవీడ్ గొంతులో తిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టాయి. వాటికి బదులు అనడానికి ఇంకేముందా అని వెతికితే ఏమీ దొరకలేదు, ఎప్పుడూ వాడలేదు కదా. చివరికి కారులో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు.

"విసిరేటప్పుడు నీకేం కనిపించింది?"

"ఏం కనపడలేదు కోచ్. మీరు చెప్పారు కదా, మీకు కనపడే ఉంటుందనుకున్నా."



"నాకూ కనపడలేదురా" అన్నాడు ఓవీడ్. అంత సేపట్లో ఆయన నోటినుంచి వచ్చిన నిజం అదొక్కటే.

తర్వాత ఆయన ఎత్తులన్నీ దగ్గరి దగ్గరివే, టోబీ కళ్ళకు ఆనేంత మేరకే. ఓడిపోయారు గానీ పరువుగా ఓడారు. ఇంటికి పోతూ కారులో ఎర్లీన్, "ఇవాళ నీ గొంతే వినపళ్ళేదు. ఒంట్లో బాగానే ఉందా?" అంది. 

సోమవారం సాధన అయ్యాక సామాన్ల గదిలో డేన్‌ని పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?"

"ఏ పని?"

"నా నోట్లోంచి పూలు కురిపించడం."

డేన్ బంతులు సంచిలో వేస్తూనే చెప్పాడు. "మొదటిరోజు నుంచీ. నీ బుర్ర కావాలి బాబాయ్ నాకు. మిగతాది వాళ్ళకెందుకు."

"మరి ఆ మాటలు ఎక్కణ్ణించి తెస్తావ్? ఆ చేతులే పట్టుకుంటాయి, గిట్టుకుంటాయి..."

డేన్ సంచి మూతి బిగించి ముడేశాడు. "ఆ వయసులో నీ దగ్గర నేనేం వినాలనుకున్నానో అవే చెబుతా. వెతుక్కోనక్కర్లేదు, బోలెడున్నాయి." అలా అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఓవీడ్‌కి తేలికయ్యేది.

ఆ వచ్చిన శుక్రవారం ఆకాశం కడిగినట్టుంది. ఆయన కిందే ఉంటాడని ఊరంతా నమ్మింది. గీత పార్టీవాళ్ళు గెలిచినట్టే మీసాలు దువ్వుకున్నారు.

"పైకా, కిందా బాబాయ్?" అన్నాడు డేన్.

"పైకే. కింద నాకేం కనపడదని చెప్పాగా."

డేన్ తలూపాడు. ఓవీడ్ మెట్లెక్కి, కిటికీ దగ్గర నిలబడి, హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. ఆట బాగానే సాగింది. సగం దాటాక ఎడమవైపు విసరమని చెప్పాడు, టోబీ విసిరాడు. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో, ఎదుటి జట్టు బక్కవాడొకడు మధ్యలో దూరి బంతి తన్నుకుపోయాడు.

మేడ మీద ఫిర్మన్ చెయ్యి చెవి దగ్గరికి పోయింది. కిటికీలోంచి మైదానమంతా స్పష్టంగా కనపడుతోంది. టోబీ తల వంచుకుని గీత దగ్గరికి వస్తున్నాడు, డేన్ వాడికి ఎదురు వెళుతున్నాడు.

"డేన్, ఆ హెడ్‌సెట్ వాడికి పెట్టు" అన్నాడు ఓవీడ్.

"నేను చెబుతాలే బాబాయ్."

"నువ్వు చెప్పేదేంటో నాకు తెలుసు. వాడికి పెట్టు."

డేన్ ఒక క్షణం మేడ వైపు తలెత్తి చూశాడు. హెడ్‌సెట్ తీశాడు. కానీ పూర్తిగా ఇవ్వలేదు. ఒక చెవిది తిప్పి టోబీ చెవికి ఆనించి, రెండోది తన చెవికే పెట్టుకున్నాడు. కుర్రాణ్ణి ఈ మనిషికి ఒంటరిగా ఒప్పజెప్పడం అతనివల్ల కాలేదు. పైనుంచి చూస్తే, గీత పక్కన రెండు తలలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఓవీడ్ మైకు నోటికి దగ్గరగా జరుపుకున్నాడు.

"టోబీ" అన్నాడు. "అక్కడికి విసరమన్నది నేను. నేను చెప్పిన చోటికే నువ్వు విసిరావు. ఆ బక్కవాణ్ణి నేను చూసుకోలేదు, ఇంత పైనుంచి కూడా. తప్పు నాది. అర్థమైందా?"

"సరే కోచ్."

"పో, నీళ్ళు తాగు."

ఒక తల విడిపోయి బెంచీ వైపు వెళ్ళింది. రెండోది అక్కడే ఉంది.

"డేన్, ఉన్నావా?"

"ఉన్నా."

"అప్పుడు కూడా అంతే. నువ్వు నేను చెప్పిన చోటికే విసిరావు."

 కింద డేన్ హెడ్‌సెట్ తీసేసి, మైదానానికి వీపు పెట్టి, చొక్కా చేతితో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. ఆటవైపు చూడకుండా హెడ్ కోచ్ అంతసేపు నిలబడటం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. జనం అరిచారు. మనవాళ్ళు బంతి తిరిగి లాక్కున్నారు. అతను హెడ్‌సెట్ పెట్టుకున్నాడు.

"మనకే వచ్చింది బాబాయ్" అన్నాడు. "ఎత్తు చెప్పు."

అన్నేళ్ళలో ఓవీడ్ దగ్గర ఎత్తు సిద్ధంగా లేకపోవడం అదే మొదలు. అద్దం మీద చెయ్యి ఆనించి, "ఒక్క క్షణం ఆగరా" అన్నాడు.