బ్లా అంటే ఏమిటని అడిగిన సాయంత్రం

మాది స్టీలు సామాన్ల కొట్టు. కొట్లో పెరిగినవాడికి రెండు అలవాట్లు చచ్చినా పోవు: కావాలన్న ఆశ మొహంలో కనపడనివ్వడు, నోరు మూతపడనివ్వడు. చిన్నప్పుడు హోల్‌సేలు షాపుకి తీసుకెళ్తే మా నాన్న చెవిలో గొణిగేవాడు, "ఆ బిందె వంక అలా చూడకురా, రేటు పెంచేస్తాడు."

మా ఆవిడ చల్లపల్లిలో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. రోజూ బస్సులో వచ్చిపోతుంటే నడుము పడిపోయి, అక్కడే గది తీసుకుంది. భవానీపురం ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే. గ్లాసుడు బియ్యం పోస్తే మర్నాటి సాయంత్రానిక్కూడా మిగులుతుంది. రోజూ ఏడింటికి ఫోన్ చేసి కొట్టు కబుర్లన్నీ ఊదరగొట్టేవాణ్ణి. కుక్కరు మూత కోసం ఎవరో గంటసేపు గీచి గీచి బేరమాడిన వైనం, పక్క కొట్టాయన కొత్త విగ్గు. చివర్న మాత్రం, "ఇక్కడ బ్రహ్మాండం!"

పోయిన వేసవిలో ఓరోజు అడిగింది. "ఇంకో ఏడాది ఉండమంటున్నారండీ. ఏం చెప్పమంటారు?"

వద్దు, వచ్చెయ్ అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ ముందు నోరు జారినవాడిదే నష్టం కదా! "నీ ఇష్టం" అనేసి, తనే వచ్చేస్తానంటుందని కాచుక్కూర్చున్నాను.

"సరే" అంది. అంతే.

వారం తర్వాత, అక్కడ ఎలా ఉందని అడిగితే "బ్లా" అంది.

"అంటే?"

"ఉప్పూ కారం లేనట్టు. ఏమీ తోచనట్టు."

"ఎక్కడిదా మాట?"

క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "మొదట్లో అది ఉత్త చప్పుడండీ. ఎవరో ఆపకుండా వాగుతుంటే వినేవాళ్ళకి మాటలు వినపడవు, బ్లా బ్లా అని మోతే వినపడుతుంది. ఆ మోతే మాటైంది. పోనుపోను ఆ విన్నవాళ్ళ నీరసానికీ అదే పేరైంది."

ఇన్ని నెలలుగా ఆ మోత మోగించింది ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"వచ్చెయ్," అన్నాను. "ఇక్కడ బ్రహ్మాండమేమీ కాదు. కంచం ముందు కూర్చుంటే అన్నం దిగట్లేదు."



"ఈ ముక్క పోయిన వారం అనాల్సిందండీ," అంది. "నిన్ననే సంతకం పెట్టేశాను."

రద్దు చేయించు, బతిమాలు, ఏదో సాకు చెప్పు అని సవాలక్ష ఉపాయాలు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేదు. నాతో నేను ఆడినంత బేరం ఏ ఖాతాదారుడితోనూ ఆడలేదు.

"ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

ఆమె గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఇద్దరిలో ఎవరం ఫోన్ పెట్టెయ్యలేదు.