ఉపవాసం నాటి సూదులు

ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చి కోటు తగిలిస్తుంటే దాని చేతి మడతలోంచి మాచిపత్రి పొగ వాసన వచ్చింది. చైనా వైద్యంలో ఆ జాతి ఆకునే ఎండబెట్టి, నలిపి, కడ్డీలా చుట్టి, కొన అంటించి ఆ వేడిని మోకాలికో నడుముకో చూపిస్తారు. ఉతికినా ఒకంతట పోని వాసన అది. కోటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిన్న నాకు లైసెన్స్ వచ్చింది. సూదులు వేసి, మూలికలిచ్చి వైద్యం చేయడానికి న్యూజెర్సీలో నాకిప్పుడు అనుమతి ఉంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. నిన్నటి నుంచి ఈ కబురు పక్క ఫ్లాటు అంకుల్‌కి చెప్పాను, ట్రైన్‌లో ముక్కూమొహం తెలియని ఆవిడకి చెప్పాను, కాఫీ ఇచ్చిన కుర్రాడికీ చెప్పాను. మీకు కూడా చెప్పేస్తున్నాను. కానీ ఆ వాసన తగిలాక అనిపించింది, లిన్ ఆంటీ గురించి చెప్పకుండా ఈ కబురు చెబితే సగమే చెప్పినట్టని.

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల షాపులు, మిఠాయి షాపులు దాటి పక్క సందులోకి తిరిగితే ఒక లాండ్రీ ఉండేది. దాని పైన ఆవిడ చైనా వైద్యం క్లినిక్. భీమవరం దగ్గర పల్లె నుంచి మేనమామ స్పాన్సర్ చేస్తే వచ్చిన కుటుంబం మాది. అమ్మ ఆ రోడ్డులోనే ఒక షాపులో చీరలకు ఫాల్స్ కుడుతుంది. నేను కాలేజీ మొదటి ఏడాదిలో ఉండగా, ఫ్రంట్ డెస్క్‌లో మనిషి కావాలన్న బోర్డు చూసి మెట్లెక్కాను. జనవరి నెల. నా చేతిలో ఐస్ కాఫీ. లోపల పొట్టిగా, నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ ఉన్ని మేజోళ్ళతో కూర్చుని ఉంది. మా మాటలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే సాగేవి. నా చెవిలో మాత్రం అవి ఎప్పుడో తెలుగైపోయాయి.

"గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నాను అలవాటుగా.

"నేను నీకు ఆంటీని ఎలా అయ్యాను?"

"మా వాళ్ళం పెద్దవాళ్ళందర్నీ అలాగే పిలుస్తాం."

"ఈ రోడ్డులో ఎంతమంది ఉన్నారు నీకు ఆంటీలు?"

"చాలామందే ఉన్నారు."

"అయితే చుట్టాలకి కరువు లేదు. రేపట్నుంచి రా. బయట మంచు పడుతుంటే ఐస్ తాగే అలవాటు మాత్రం కిందే వదిలేసి రా."

ఆవిడ పని చేసే తీరు నాకు మొదట్లో విసుగ్గా ఉండేది. జెర్సీ సిటీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి మెడనొప్పితో వచ్చాడు, మన హైదరాబాద్ అబ్బాయే. ఆవిడ మెడ జోలికే పోలేదు. ఎన్నింటికి పడుకుంటావు, లంచ్ స్క్రీన్ ముందే తింటావా, అరికాళ్ళు చల్లగా ఉంటాయా, చివరిసారి ఎప్పుడు పగలబడి నవ్వావు అని అడుగుతూ పోయింది. అతను నా వైపు తిరిగి తెలుగులో గొణిగాడు: "ఏమండీ, నా మెడ ఇక్కడుందని చెప్పరాదూ." నేను చెప్పాను. "మెడ వచ్చింది, చూశాను. మిగతా మనిషి ఎక్కడున్నాడో వెతుకుతున్నా" అంది ఆవిడ. అతను నవ్వేశాడు. తర్వాత నొప్పి లేనప్పుడు కూడా వచ్చేవాడు, చలికాలం మొదలవకముందు ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి. జబ్బు లేకుండా వచ్చే మనిషిని చూస్తే ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం అని మాకో సామెత ఉందని చెబితే, మా చైనాలో కూడా అలాంటిదే ఉంది అని మురిసిపోయింది. వెంటనే వేలు చూపించి, "కానీ ఇల్లు నిజంగా అంటుకుంటే బావి దగ్గర కూర్చోకు. ఫైరింజన్‌ని పిలువు" అంది. గుండె దడ అని వచ్చిన వాళ్ళని ఆవిడ మంచం మీద కూడా పడుకోబెట్టేది కాదు, ముందు హాస్పిటల్‌కి పంపేది. తన వైద్యం ఎంతవరకో తెలిసిన మనిషి దగ్గర కూర్చోవడం వల్లే నాకు ఆ వైద్యం మీద నమ్మకం కుదిరిందనుకుంటాను.

డిగ్రీ చివరి ఏడాదిలో, ఇదే చదువుతానని ఇంట్లో చెప్పాను. నాన్న మామూలుగానే "మీ అమ్మకి ఓకే అయితే నాకూ ఓకే" అన్నాడు. అమ్మకి ఓకే కాదు.

"ఒంట్లో ఏదో శక్తి తిరుగుద్దంటగా? ఏం శక్తే అది? చర్చిలో ఎస్తేరు ఆంటీ అడిగితే నేనేం చెప్పను?"

"ఆవిడెందుకు అడుగుద్దమ్మా?"

"అడక్కుండా ఉంటదా? సుబ్బరంగా నర్సింగ్ చేసుకో. నర్సుకి ఏ దేశంలోనైనా అన్నం పుడుద్ది."

లిన్ ఆంటీ దగ్గర ఏడిచాను. ఆవిడ ఓదార్చలేదు. "మీ అమ్మకి మోకాలు నొప్పి అన్నావుగా. ఒకసారి రమ్మను" అంది అంతే. అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది: వచ్చి చూస్తుంది, మనసు ఒప్పకపోతే నేను మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు, నర్సింగ్‌లో చేరాలి. సరేనన్నాను. అన్నాక రెండు రోజులు సరిగా నిద్రపట్టలేదు.

అవి శ్రమల దినాలు. ఈస్టర్‌కి ముందు మా వాళ్ళు చాలామంది సాయంత్రం దాకా ఉపవాసం ఉంటారు. అంతకుముందు ఏడాది అమ్మకి బీపీ పడిపోయిందని నాన్న గట్టిగా మాట తీసుకున్నాడు, ఇక ఉండనని. పొద్దున్నే టిఫిన్ బాక్స్ పట్టుకుని షాపుకెళ్ళేది, రాత్రి మాతోపాటే తినేది. మాకు అనుమానమే రాలేదు.

షాపు నుంచి తిన్నగా క్లినిక్‌కి వచ్చింది. ఆంటీ అడుగుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. నిద్ర ఎలా ఉంది, దాహం వేస్తుందా, చెమట పడుతుందా. ఏదైనా భయం ఉందా అని కూడా అడిగింది.

"ఉంది, నీ గురించే. అది చెప్పకు" అంది అమ్మ.

"ఏం లేదంటోంది ఆంటీ."

"అంత పొడవు మాటకి అర్థం అంతేనా?" అంది ఆంటీ, అయినా వదిలేసింది. మోకాలి చుట్టూ సన్నటి సూదులు వేసింది. కాసేపటికే అమ్మ పెదాలు పాలిపోయాయి. నుదుటి మీద చెమట. "ఏమేవ్, కళ్ళు తిరుగుతున్నాయే" అంటూనే కళ్ళు మూసేసింది. ఆంటీ కంగారు పడకుండా సూదులన్నీ తీసేసి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, దుప్పటి కప్పింది. అమ్మ తెప్పరిల్లాక గోరువెచ్చని పంచదార నీళ్ళు అందిస్తే, మూతి బిగించి మొహం తిప్పుకుంది.

"వద్దు. ఆరింటిదాకా నీళ్ళు తప్ప ఏం ముట్టను."

అప్పుడు తెలిసింది నాకు. ఆంటీకి చెప్పాను. ఇక అంతా అయిపోయింది, నర్సింగే అనుకున్నాను. ఆంటీ స్టూలు జరుపుకుని అమ్మ మొహానికి ఎదురుగా కూర్చుంది. "ఇది ఉన్నదున్నట్టు చెప్పు. నిద్ర అడిగాను, చెమట అడిగాను, ఎప్పుడు తిన్నావని అడగలేదు. ఖాళీ కడుపు మీద సూది వేయకూడదన్నది మేం నేర్చుకునే మొదటి పాఠం. తప్పు నాది. క్షమించమను."

అమ్మ నా వైపు చూసింది. "డాక్టరు నాకు సారీ చెప్తుందేంటే?"

బీపీ చూసింది ఆంటీ. నెమ్మదిగా పెరుగుతోంది. "ఆరింటికి ఎంతోసేపు లేదు, ఆగుతాను. మళ్ళీ కళ్ళు తిరిగితే మాత్రం ఆంబులెన్స్ వస్తుంది. ఆవిడ దేవుడితో అప్పుడు నేను మాట్లాడుకుంటా." అమ్మ తలూపింది. ఆంటీ తలుపు మీద బోర్డు తిప్పేసి, వెనక గదిలో పొయ్యి మీద బియ్యం, అల్లం, ఎండు రేగుపళ్ళు వేసి జావ పెట్టింది. వచ్చి వేడి తువ్వాలు అమ్మ పాదాలకి చుట్టి పట్టుకు కూర్చుంది. ఎవరి కోసం ఈ ఉపవాసం అని అడగమంది.

అమ్మ గోడ వైపు తిరిగింది. "నీ కోసమే. నువ్వీ చదువు మానుకోవాలని."

నేను దుప్పటి సర్దబోయాను. "నీ మొహం చూస్తే తెలుస్తోంది, చెప్పు" అంది ఆంటీ. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. "అయితే నేను దేవుడికి పోటీ నిలబడ్డానన్నమాట! ఆయన నాకన్నా పెద్దవాడు. ఏం చేస్తాడో ఆయన్నే తేల్చమను." అమ్మ నవ్వు ఆపుకోవడానికి దుప్పటి పైకి లాక్కుంది.

ఆరయ్యాక అమ్మ లేచి కూర్చుని, తలమీద చున్నీ కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మా అమ్మ ప్రార్థన చిన్నది కాదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా లిన్ ఆంటీ ఆమెన్ దాకా తల వంచుకునే నిలబడింది. తర్వాత గిన్నె అందించింది.

"ఉప్పు లేదు" అంది అమ్మ.

"ఆంటీకి చెప్పనా?" అన్నాను.

"చెప్పు. దానికి భయమేంటి?"

ఆంటీ ఉప్పు తెచ్చిచ్చింది. అమ్మ గిన్నె ఖాళీ చేసింది. కిందికి దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఆగింది. "ఆ శక్తి గిక్తి నాకు తెలవదు. పాస్టర్ గారిక్కూడా తెలవదేమో. కానీ తప్పు చేసి తప్పని ఒప్పుకునే మనిషి దగ్గర నేర్చుకుంటే చెడిపోవులే. చేరు."

లిన్ ఆంటీ ఇప్పుడు క్లినిక్ మూసేసి సియాటిల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నిన్న ఫోన్ చేసి లైసెన్స్ వచ్చిందని అరిస్తే, "సంతోషం. ఈ వారం నిద్రపోయావా?" అంది. పోయానన్నాను. "గొంతు అలా చెప్పట్లేదు" అంది. అమ్మకి కళ్ళు తిరిగిన ఆ సాయంత్రం తర్వాత ఆవిడ తన ప్రశ్నలన్నీ అయ్యాక ఇంకో ప్రశ్న అడగడం మొదలుపెట్టింది: "నేను అడగడం మర్చిపోయిందేమిటి?" అడిగి ఊరుకునేది. ఆ మౌనంలో జనం ఏవేవో చెప్పేవారు, పోయిన ఉద్యోగం, పెళ్ళిలో గొడవ, దాచుకున్న ఉపవాసం. మూలికల పేర్లు, సూది చోట్లు పుస్తకంలో దొరుకుతాయి. ఆ ప్రశ్న, దాని తర్వాత నోరు మూసుకుని కూర్చోవడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇవాళ నా మొదటి పేషెంట్‌ని అడిగినప్పుడు పెదాలు బిగబట్టి మరీ ఆగాను.

నిన్న ఈ కబురు చెప్పడానికి అమ్మకి షాపుకి ఫోన్ చేశాను. కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. "దేవునికి స్తోత్రం" అంది. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. నేనూ ఊరుకున్నాను.

"ఆ ఏడు నేనడిగింది ఆయన ఇవ్వలేదే" అంది. "మంచిదే అయింది. శనివారం వస్తా, మోకాలు చూద్దువు. తినే వస్తాలే."